యసాకు ఇంటి నేల కింద

డిసెంబరు 11

రాత్రంతా మంచు పడింది. పొద్దున్నకి తగ్గింది, గాలి లేదు. నా ఇంటి కప్పు మీద మంచు దింపాను. కట్టెలు లోపలికి చేర్చాను.

మధ్యాహ్నం యసాకు ఇంటికి వెళ్లాను. నీళ్ల పైపు గడ్డకట్టి పగలకుండా అప్పుడప్పుడు చూస్తూ ఉండమని వెళ్లేటప్పుడు యసాకు భార్య చెప్పింది. సొంత అన్న కాకపోయినా యసాకు నాకు అన్న వరస, ఆమెను వదిన అంటాను. యసాకు జూన్‌లో పోయాడు. చలికాలం ఒదాతెలో చెల్లెలి దగ్గర ఉండి వస్తానని అక్టోబరు చివర వదిన వెళ్లింది. చలికాలం అంది కానీ, యసాకు పేరు రాసిన పూజ పలక కూడా గుడ్డలో చుట్టి తీసుకెళ్లింది. ఇక్కడున్న మూడిళ్లలో మూడోదానికి తాళం పడి చాలా ఏళ్లయింది. పై పేటలో ఇప్పుడు పొగ వచ్చే గొట్టం నాదొక్కటే.

పైపు బాగానే ఉంది. ఇంటి వెనక నుంచి తిరిగి వస్తుంటే వసారా కింద, చెక్క విరిగిన చోట, మంచులో పిడికిలి పట్టేంత కన్నం కనిపించింది. దాని అంచు పసుపుపచ్చగా గడ్డకట్టి ఉంది. అది లోపల పడుకున్న ఎలుగు ఊపిరి తగిలి గట్టిపడిన మంచు. మా మతాగి వేటగాళ్ల దండు అలాంటి కన్నం కోసం మొరియోషి కొండంతా గాలించేది. ఇప్పుడది పెరట్లో ఉంది.

లోపలికి వెళ్లాను. బూట్లు విప్పి, వెనక గదిలో చాప పక్కకు లాగి, నేల చెక్కకు చెవి ఆనించాను. చాలాసేపు ఏమీ లేదు. లేవబోతుంటే వచ్చింది, ఒక్క ఊపిరి. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు.

రేపు ఊరి ఆఫీసులో నరీతాకు ఫోన్ చేయాలి.

డిసెంబరు 12

మంచు. ఫోన్ చేయలేదు. దారి మూసుకుపోయింది, చేసినా నరీతా పైకి రాలేడు. పైపు చూశాను. బాగుంది.

డిసెంబరు 13

ఎండ. దారి తెరిచారు. పైపు చూశాను. బాగుంది.

డిసెంబరు 16

మబ్బు. పొగ పట్టించి ఊరేసిన ముల్లంగి పీపా తీశాను. ఈసారి పొగ సరిగ్గా పట్టలేదు. పట్టించే విధానం వదినకే తెలుసు.

కింద పడుకున్నది ఏ ఎలుగో నాకు తెలుసు. ఈ ఏడు కొండ మీద బీచ్ చెట్లకు ఎలుగులు తినే కాయ పట్టలేదు. అక్టోబరంతా ఒక ఆడ ఎలుగు యసాకు పెరట్లోని పెర్సిమన్ పళ్ల చెట్టెక్కి కూర్చునేది. మామూలుగా ఎలుగులు వెలుగు వచ్చేవేళ, పోయేవేళ తిరుగుతాయి. దీనికి వేళంటూ లేదు. పొద్దున తినేది, మధ్యాహ్నం తినేది, చీకటి పడుతుంటే ఇంకా తింటూనే ఉండేది. రొమ్ము మీద తెల్లటి నెలవంక మచ్చ ఎడమ వైపే ఉంది. కుడి సగం ఎవరో చెరిపేసినట్టు నలుపు. నన్ను చూసి కూడా దిగేది కాదు, భోజనానికి ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేది. నరీతాకు చెప్దామా అని అడిగితే వదిన వంటింటి కిటికీ తెరిచి దానితోనే మాట్లాడింది.

“తిను తల్లీ, తిను. కోసేవాడు ఎలాగూ పోయాడు.”

లైబ్రరీ వ్యానులో తీసుకున్న ఎలుగుల పుస్తకం ఒకటి నా దగ్గర ఉండిపోయింది. మంచు పోయేదాకా వ్యాను రాదు. శరదృతువులో ఆకలి ఎలుగు ఒంట్లోని గడియారాన్ని తొక్కేస్తుందట, రాత్రీ పగలూ ఒకటైపోతాయట. గుహలో చేరాక తిండీ నీళ్లూ ఉండవు, గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటుంది. అయినా గడియారం మళ్లీ నడుస్తుందట. వెలుతురు సోకని చీకట్లో కూడా బయట పగలైన వేళకి ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, రాత్రికి చల్లబడుతుంది. నేనింతకాలం అవి బండరాళ్లలా పడుంటాయనుకున్నాను. చంపేందుకు వెళ్లేవాడికి అంతకన్నా తెలియనక్కర్లేదు కూడా.

దానికి నిద్ర ఉంది, లోపల గడియారం ఉంది. నాకు గోడ మీద గడియారం ఉంది. జూన్ నుంచి నిద్ర లేదు.

డిసెంబరు 21

చినుకులు, మంచు కలిసి. నరీతాయే ఫోన్ చేశాడు. మా దండులో అందరికన్నా చిన్నవాడతను. ఇప్పుడు ఊరి ఆఫీసులో మంచు తీసే బండి నడుపుతాడు, ఊళ్లోకి ఎలుగు వస్తే తుపాకీ తీసేదీ అతనే.

“తోకుజి బాబాయ్, బతికే ఉన్నావా?”

“ఉన్నా.”

“నీ గొంతు వింటే నమ్మకం కలగట్లేదు. పైన ఎలుగుల జాడ ఏమైనా ఉందా? ఈ ఏడు నిద్రపోకుండా తిరిగేవి ఉన్నాయంటున్నారు. కిందూళ్లో ధాన్యం కొట్టు తలుపు పీకేసింది ఒకటి. రాసుకోవాలి.”

“ఇక్కడేముంటుంది తినడానికి?”

“అది కాదు నేనడిగింది. ఉందా లేదా?”

“తిరిగేవి లేవు” అన్నాను.

అబద్ధం చెప్పలేదు.

డిసెంబరు 29

మూడు రోజులుగా ఆగకుండా మంచు. నా కప్పు దింపేసరికే నడుం పట్టేసింది. సాయంత్రం చూస్తే యసాకు ఇంటి చూరు కిందికి వంగింది. నడిమి దూలం పాతది, యసాకు మార్చాలని అంటూనే పోయాడు. కప్పు కూలితే నేల కింద ఉన్నది నలిగిపోతుంది, లేదా భయపడి ఈ చలిలో బయటపడుతుంది. గుహ లేని ఎలుగు వసంతం దాకా బతకదు, దొరికినవాణ్ణి బతకనివ్వదు.

రేపు ఫోన్ చేయాలి.

డిసెంబరు 30

యసాకు ఇంటి కప్పు మీద మంచు దింపాను. ఇనుప పార వాడలేదు. చెక్క పారతో కొద్దికొద్దిగా తీసి, ఒకేసారి ధబ్బున పడకుండా నిచ్చెన వైపు జార్చాను. రోజంతా పట్టింది.

వదినకు మాటిచ్చాను కదా, పైపు కోసమే అయినా ఇల్లు నిలబడి ఉండాలి.

జనవరి 1

మంచు లేదు. బియ్యం ముద్దలు కాల్చుకుని తిన్నాను. పైపు చూశాను. బాగుంది.

జనవరి 6

మధ్యాహ్నం భోజనమయ్యాక వెళితే అది పక్కకు తిరగడం వినిపిస్తోంది. ముందు గోళ్లు చెక్కకు గీసుకున్న చప్పుడు, తర్వాత ఒక నిట్టూర్పు, ఆ తర్వాత మళ్లీ ఏమీ ఉండదు. నిన్నా అదే వేళ, మొన్నా అంతే. పుస్తకంలో రాసింది నిజమే. కింద కటిక చీకటి, పైన అడుగుల మందాన మంచు, అయినా పగలెప్పుడో దానికి తెలుసు. ఆ వేళకి నేనూ వెచ్చగా ఉండేలా పొయ్యిలో కట్టె వేసుకుని బయల్దేరుతున్నాను. రెండు మందపు మేజోళ్లు వేసుకుని నడుస్తున్నాను.

ఇవాళ చాప మీద కాసేపు కళ్లు మూతపడ్డాయి. లేచేసరికి కిటికీలో వెలుతురు వాలిపోయింది. ఇంత నిద్ర ఎప్పుడు పోయానో గుర్తులేదు.

జనవరి 15

ఎండ, కళ్లు చెదిరేలా. యసాకు ఇంటి కప్పు మీద ఉండగా నరీతా బండి పైకి వచ్చింది. మోటారు ఆపు అని చేత్తో సైగ చేశాను. అతను దిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏంటి బాబాయ్, ఖాళీ ఇంటికి క్షవరం చేస్తున్నావా?”

“అరవకు. మంచు జారుతుంది.”

“మీ కప్పు వదిలేసి ముందు పిన్ని కప్పు దింపావే! ఊళ్లో ఏమనుకుంటున్నారో తెలుసా?”

తెలుసు. మా వైపు ఒంటరి ఆడదాని ఇంటి కప్పు మీద మంచు తీస్తే అన్నదమ్ములు తీయాలి, అల్లుడు తీయాలి. బయటి మగవాడు నిచ్చెన వేశాడంటే దానికి అర్థం వేరు. మా నాన్న అమ్మను పెళ్లికి అడిగింది కూడా అలాగేనని, నోరు తెరవకుండా రెండు చలికాలాలు మంచు తీశాడని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. నాకు ఆ ఊసే తట్టలేదు. ఎలుగు నిద్ర చెడకూడదనే తప్ప ఆ కప్పు మీద ఉండగా ఇంకేమీ ఆలోచించలేదు.

“ఏమనుకుంటున్నారు?” అన్నాను.

“చెప్పిస్తావా నా చేత! మా ఆవిడ కూడా సంతోషపడింది. ఇన్నాళ్లకు నోరు విప్పాడంది.”

“నేనేం మాట్లాడలేదే.”

“అదే మరి, పారతో మాట్లాడావు.”

కాదని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. తల వంచుకుని మంచు జార్చాను. సిగ్గుపడ్డానని అనుకున్నాడు. నా ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చి పంపాను. పెరటి వైపు వెళ్లకుండా చూసుకున్నాను.

జనవరి 22

మంచు. కప్పు, పైపు.

ఫిబ్రవరి 3

గడ్డకట్టే చలి, గాలి లేదు. ఇవాళ దాని వేళకి వెళ్లి చెవి ఆనించాను. కింద తుమ్మెదల గుంపు మూలుగుతున్నట్టు ఒకటే జుమ్మనే శబ్దం. ఆగుతుంది, ఎవరో తోసినట్టు చిన్న కీచుమన్న అరుపు, మళ్లీ జుమ్మంటుంది. పాలు తాగుతున్నాయి. రెండనుకుంటాను.

తిండి లేదు, నీళ్లు లేవు, కళ్లు కూడా సరిగ్గా తెరవకుండా కని, పాలిస్తోంది.

యసాకు మా దండుకి నాయకుడిగా ఉన్నన్నాళ్లూ ఒక మాట మీద ఉన్నాడు. పిల్లల గొంతు వినిపించిన గుహ జోలికి వెళ్లకూడదు. ఊరి ఆఫీసు వాళ్లకి ఆ మాట లేదు. ఇంటి కింద ఎలుగంటే వాళ్లకి ఒకటే పని. వాళ్లనీ తప్పుపట్టలేను.

ఇంక ఫోన్ చేయాలి అని రాయను.

ఫిబ్రవరి 10

మంచు తగ్గుముఖం పట్టింది. వదిన ఫోన్ చేసింది. అక్టోబరు తర్వాత ఇదే.

“తోకుజీ, తిన్నావా?”

“తిన్నా.”

“ఏం తిన్నావు?”

“అన్నం.”

“అన్నంలో ఏముంది?”

“అన్నమే.”

నవ్వింది. వెనక చెల్లెలి ఇంట్లో టీవీ వినిపించింది.

“నరీతా వాళ్లావిడ చెప్పింది. నా కప్పు దింపుతున్నావటగా. మీ కప్పు కన్నా ముందు.”

“పడిపోతుందేమోనని.”

“సరేలే. ఈ వయసులో నిచ్చెనలెక్కి పడితే ఎవరు చూస్తారు? మార్చి మొదట్లో వచ్చేస్తా. నా ఇంట్లో నేనుంటా, నువ్వు మీ ఇంట్లో ఉండు. పొద్దున్నే గొట్టంలో పొగ వచ్చిందా లేదా చూసుకుంటే చాలు ఇద్దరం. ఏమంటావు?”

“సరే” అన్నాను.

ఫోన్ పెట్టాక అలమరలో ఇంకో టీ గిన్నె ఉండాలి, వెతికి తీశాను. అంచు చిట్లింది. కడిగి పెట్టాను.

ఫిబ్రవరి 11

పైపు చూశాను. బాగుంది.

ఫిబ్రవరి 17

తడి మంచు. పుస్తకం ఇంకోసారి చదివాను. పిల్లలున్న తల్లి అందరికన్నా చివర బయటికి వస్తుందట. మా కొండ మీద ఏప్రిల్ చివర, ఒక్కోసారి మే.

వదిన మార్చి మొదట్లో వస్తుంది. పొయ్యి వెలిగిస్తుంది, నడుస్తుంది, కిటికీ చెక్కలు తీస్తుంది. దారి తెరవడానికి నరీతా ఇనుప పారతో గుమ్మం తవ్వుతాడు. తల్లి దూకి పారిపోతే పిల్లలు ఆ రాత్రి దాటవు. పారిపోకపోతే తుపాకీ వస్తుంది.

రావద్దని చెప్తే వదిన ఎందుకని అడగదు. ఆమె సంగతి నాకు తెలుసు. సరే అంటుంది, ఇంక మళ్లీ రాదు.

నరీతాకు చెప్పేస్తే ఒక పూటలో పని అయిపోతుంది. మార్చిలో రెండు గొట్టాల్లో పొగ వస్తుంది.

ఫిబ్రవరి 18

మబ్బు. ఏ పనీ చేయలేదు.

ఫిబ్రవరి 19

పైపు చూడలేదు.

ఫిబ్రవరి 24

ఎండ. కప్పు మీద మంచు దానంతటదే జారుతోంది. భోజనం చేయకుండా ఫోన్ చేశాను. చేశాక తిందామనుకున్నాను.

“వదినా, ఇప్పుడే రావద్దు.”

“పైపు పగిలిందా?”

“పైపు బాగానే ఉంది.”

“మరి?”

చెప్పాను. కన్నం సంగతి, ఊపిరి సంగతి, మధ్యాహ్నం తిరిగి పడుకోవడం, తుమ్మెదల చప్పుడు. నా జీవితంలో ఫోన్‌లో అంతసేపు మాట్లాడలేదు. ఆమె మధ్యలో ఒకే ఒక్క మాట అడిగింది.

“సగం నెలవంకదేనా?”

“అదే.”

అటువైపు టీవీ ఆపేసినట్టున్నారు.

“అయితే నా కప్పు మీద మంచు తీసింది నా కోసం కాదన్నమాట” అంది.

“మొదట్లో కాదు.”

ఫోన్ పెట్టేసింది.

ఫిబ్రవరి 25

మంచు.

ఫిబ్రవరి 28

మంచు. రెండో టీ గిన్నె అలమరలో పెట్టేశాను.

మార్చి 4

కింద చప్పుడు ఎక్కువైంది. పిల్లలు చెక్కలు గోకుతున్నాయి. తల్లి గట్టిగా ఊపిరి వదిలితే ఆగుతాయి. నేను చాప మీద పడుకుని వింటున్నాను. నిద్ర మాత్రం మళ్లీ పోయింది.

మార్చి 9

ఎండ, గాలి. గుమ్మం ముందు మంచు చదును చేస్తుంటే నరీతా బండి మలుపు తిరిగింది. పక్కన వదిన కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డ మూట.

“బాబాయ్, నీ సరుకు తెచ్చా. సంతకం పెట్టు!” అని నరీతా అరిచాడు.

“సరుకట, సరుకు! నీ బండెక్కితే నడుం రెండు ముక్కలైంది. ముందు దానికి సంతకం పెట్టు” అంటూ వదిన దిగింది. నా వైపు చూడలేదు.

నరీతా ఆమె సంచి భుజాన వేసుకుని, ఇనుప పార తీసి, యసాకు ఇంటి గుమ్మం వైపు నడిచాడు. పార ఎత్తాడు కూడా.

“ఒరే అబ్బాయ్! అటెక్కడికి?” అంది వదిన.

“నీ ఇంటికే కదా పిన్నీ.”

“ఇల్లెక్కడుంది, చెరువైపోతే! పైపు పగిలి లోపలంతా గడ్డకట్టింది. ఈయన చెప్పలేదా నీకు? చెప్పడు. చూస్తానని మాటిచ్చి పగలగొట్టాడు, ఇంకేం మొహం పెట్టుకుని చెప్తాడు? తప్పు ఆయనది కాబట్టి ఇల్లు బాగయ్యేదాకా ఆయన ఇంట్లోనే ఉంటా. సంచి ఇటు తే.”

నరీతా ఆమెను చూశాడు, నన్ను చూశాడు. పార నెమ్మదిగా దించాడు.

“ఓహో. పైపా.”

“పైపే.”

“ఊళ్లో అడిగితే అదే చెప్పనా?”

“చెప్పు. గట్టిగా చెప్పు, వినపడనివాళ్లుంటారు.”

బండి వెళ్లాక ఆమె నా ఇంట్లో మూట విప్పి యసాకు పలకను మా అమ్మానాన్నల పలకల పక్కన నిలబెట్టింది, అగరుబత్తి వెలిగించింది. తర్వాత మేజోళ్ల మీద మేజోళ్లు తొడుక్కుని ఒక్కతే యసాకు ఇంటి వెనక గదికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చలికి అయి ఉండొచ్చు.

“రెండే” అంది. “ఒకటి మొండిది.”

టీ తాగుతూ చెప్పింది. “ఇదిగో, ముందే అంటున్నా. అది లేచి వెళ్లేదాకానే. అది వెళ్లిన రోజున నా ఇల్లు ఊడ్చుకుని, తాళం పెట్టుకుని ఒదాతె వెళ్లిపోతా. చెల్లెలికి అలాగే చెప్పి వచ్చా. ఎలుగు కోసం తీసిన మంచు చూసి కాపురం పెట్టే రకాన్ని కాదు నేను.”

“సరే” అన్నాను.

“సరే అనడం ఒక్కటే వచ్చు నీకు.”

మార్చి 14

మబ్బు. ముల్లంగి పీపా చూసి తిట్టింది. చెర్రీ కట్టెతో మళ్లీ పొగ పెడుతోంది.

యసాకు గురించి మాట పట్టింపు వచ్చింది. బతికుంటే ఈ పాటికి తుపాకీ తీసేవాడని ఆమె. పిల్లలుండగా తీసేవాడు కాదని నేను.

“కొండ మీద తీసేవాడు కాదు. ఇది నా ఇంటి కింద. నువ్వు కొండ మీది యసాకునే చూశావు.”

“నువ్వు ఇంట్లోని యసాకునే చూశావు, వదినా.”

“వదినేంటి, వదిన! బడిలో షినో అనేవాడివి. నా పెన్సిళ్లు విరిచేవాడివి.”

పెన్సిల్ ఒకటే విరిచాను.

మార్చి 23

వాన. ఆమె వెలుగు రాకముందే లేస్తుంది. పొయ్యిలో బూడిద తీసి బకెట్టులో పోస్తుంది. టీ తాగుతూ కిటికీలోంచి కొండను చూస్తుంది. మధ్యాహ్నం ఎలుగు తిరిగి పడుకునే వేళకే ఆమెకూ కునుకు పడుతుంది, పొయ్యి పక్కన, చెంప కింద చెయ్యి పెట్టుకుని. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎక్కువ ఎడం ఉండదు.

“రోజూ ఏం రాస్తావు?” అని అడిగింది.

“వాతావరణం.”

“పేజీ నిండా వాతావరణమేనా?”

నాకు వారం నుంచి తెల్లవారేదాకా మెలకువ రావడం లేదు.

ఏప్రిల్ 5

ఎండ. కొండ అంచున మగ ఎలుగు అడుగులు కనిపించాయి. అవి లేచాయన్నమాట. కింద తల్లి ఇప్పుడు మధ్యాహ్నం ఒక్కసారే కాదు, పొద్దునా సాయంత్రమూ కూడా కదులుతోంది. వసారా కింద కన్నం పెద్దదైంది, వెలుతురు లోపలికి పడుతోంది. పాత గడియారం పోయి కొత్తది మొదలైనట్టుంది.

లేచాక కూడా కొన్నాళ్లు ఎలుగు సగం నిద్రలోనే తిరుగుతుందని పుస్తకంలో ఉంది. కాళ్లు నడుస్తాయి, గుండె మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటుంది, తిండి సహించదు. అలాంటప్పుడు తొందరపడి ఎక్కడికి వెళ్తుంది? గుహ దగ్గరే ఉంటుంది. మే వచ్చినా ఉండొచ్చు.

షినోకి ఇది చదివి వినిపించాను.

“పుస్తకంలో అలా ఉందా?” అంది.

“ఉండొచ్చు అని ఉంది.”

ఏప్రిల్ 13

మంచు కరిగిన చోట బక్కె అనే చేదు మొక్క మొగ్గలు తలెత్తాయి. షినో కోసి, నూరి, సోయా ముద్ద మిసో కలిపి వేయించింది. చేదు. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఎలుగు ఉంది.

ఏప్రిల్ 18

ఒదాతె నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. షినో గది తలుపు వేసుకుని మాట్లాడింది. ఏమందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. భోజనం దగ్గర ఉప్పు ఎక్కువైందని తనే అంది. నాకలా అనిపించలేదు.

ఎలుగు ఉంది.

ఏప్రిల్ 22

ఉంది. పిల్లలు వసారా కింద నుంచి మూతులు బయటపెట్టాయి. ఇద్దరం కిటికీ చెక్క సందులోంచి చూశాం. షినో నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది, అవి లోపలికి వెళ్లాక కూడా.

ఏప్రిల్ 27

తేట ఆకాశం. వెచ్చగా ఉంది. కప్పుల మీద మంచు ఎప్పుడో పోయింది. ఇంటి వెనక నీడలో మాత్రం మిగిలింది.

పొద్దున షినో టీ కాస్తుంటే యసాకు ఇంటికి వెళ్లాను. వెనక గదిలో చెవి ఆనించాను. ఊపిరికి పట్టే ఎడం నాకు తెలుసు. అంతకన్నా ఎక్కువసేపే ఆగాను. ఇంకా ఆగాను. నేల కింద ఖాళీ చప్పుడు వేరు, ఖాళీ ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

పెరటి వైపు వెళ్లాను. కన్నం మనిషి దూరేంత తెరుచుకుని ఉంది. లోపల ఎండుటాకులు, చాప పీచులు గుండ్రంగా, మధ్యలో గుంట పడి ఉన్నాయి. చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. రాత్రే వెళ్లినట్టుంది.

అక్కడ కూర్చుని ఆలోచించాను. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఈ పెరటి మంచు, కొండ దాకా వెళ్లే వాలు కనిపిస్తాయి. పెద్ద అడుగులు, వాటి పక్కన చిన్నవి ఉంటాయి. షినో యసాకు పెళ్లాం, ఒక్క చూపు చాలు. ఏదైనా చల్లి చెరిపేస్తే ఇంకో వారమైనా ఆమె ఉంటుంది. బూడిద చల్లితే మంచు త్వరగా కరుగుతుందని పొలాల్లో అందరూ చల్లేదే. అడిగితే అదే చెప్పొచ్చనుకున్నాను. ఇంటికి వచ్చి చప్పుడు కాకుండా బకెట్టు ఎత్తాను.

బకెట్టు ఖాళీగా ఉంది. ఎప్పుడూ ఈ వేళకి నిండుగా ఉంటుంది.

ఖాళీ బకెట్టుతోనే మళ్లీ వెళ్లాను. ఈసారి చూరు దాటి వాలు దాకా నడిచాను. మంచు మీద నల్లగా, చూరు అవతల నుంచి మా కిటికీ చూపు ఆగేదాకా, బూడిద చల్లి ఉంది. అక్కడ పొలం లేదు, నాటేది ఏమీ లేదు. బూడిద ఆగిన చోటు నుంచి అడుగులు మొదలయ్యాయి. పెద్దవి ఒక వరస, చిన్నవి అటూ ఇటూ, బీచ్ చెట్ల వైపు.

తిరిగి వచ్చేసరికి షినో రెండు గిన్నెల్లో టీ పోసింది. అంచు చిట్లినది తన ముందు పెట్టుకుంది. నా చేతిలో బకెట్టు చూసింది. ఆమె గోళ్ల సందుల్లో నలుపు ఉంది.

“ఎలా ఉంది?” అంది.

“పడుకునే ఉంది.”

“అంతే ఉంటుంది. ఈ ఏడు వసంతం ఆలస్యం.”

“అవును. ఆలస్యమే.”

“మే దాటినా దాటుతుంది.”

“పుస్తకంలో కూడా అలాగే ఉంది” అన్నాను.

టీ తాగాం. కొండ మీద కోకిల కూసింది. ఇద్దరమూ విననట్టే కూర్చున్నాం. బకెట్టు కడిగి బోర్లించాను. ముల్లంగి పీపాకి రాయి మార్చాను. షినో పిలుస్తోంది, చారు చల్లారిపోతోందట. పైపు...